ముంతకీ కాగుకీ సగటు

కొల్లేటి గట్టు మీది బాతులకు గుడ్లు పెట్టడమే గాని పొదగడం రాదు. గుడ్డు పెట్టి నీళ్లలోకి దిగితే ఇక వెనక్కి చూడవు. ఎందుకలా పుట్టాయో పెద్ద చదువులవాళ్లు ఏదో చెబుతారు, అది మనకిప్పుడు వద్దు. గుడ్లను కోళ్ల కింద పెట్టించుకోవడం అక్కడి ఆచారం.

ఆ ఏడు గంపలో పది గుడ్లు, గడ్డివాము చాటున నూరు పెట్టారు. కోళ్లు మేతకు లేచినప్పుడు కాపలా కాస్తానని నక్క వచ్చింది. సగం గుడ్లు పిల్లలైతే దానికి జీతం, చిన్న ముంత, పెద్ద కాగు రెండూ కలిపి సగం నిండేన్ని చేపలు. ఆపై పెట్టే గుడ్లకూ కాపలా దానిదే.

పిల్లలు నీళ్లలోకి దిగాయి. ముసలి చుక్కబాతుకు అవి మరీ పలచగా కనిపించాయి. దాని గుడ్లన్నీ వాము చాటువే.

"అల్లుడూ, గంపలో ఎన్ని దక్కాయి?" అని నక్కను అడిగింది.

"నూటికి తొంభై, అత్తా."

"వాము దగ్గర?"

"నూటికి పది. ఎండకు మురిగాయి. తొంభై, పది కలిపితే నూరు. చోట్లు రెండు. రెండుతో భాగిస్తే యాభై. సగం దక్కినట్టే."

బాతులన్నీ తలలూపాయి. చుక్కబాతు మాత్రం నక్క మూతి వైపు చూసింది.

"మూతికి ఆ పచ్చదనమేమిటి?"

"శుభమా అని పిల్లలు పుడితే పసుపు రాసుకోనా?"

"రాసుకోవాల్సిందే. ఉండు, నీ జీతం తెస్తాం."

ముంత నిండా చేపలు వచ్చాయి. వెనకే, నలుగురు పట్టి దొర్లించుకొస్తే గాని కదలని కాగు వచ్చింది. నక్క అందులోకి తల దూర్చి చూసింది.

"ఇందులో చేపలేవత్తా?"

"ముంతలో నూటికి నూరు, కాగులో సున్న. రెండుతో భాగించు. సగమేగా?"

"ముంతెంత, కాగెంత? రెంటినీ ఒకేలా ఎలా కలుపుతావు? మొత్తం ఎన్ని చేపలు పడతాయో, అందులో ఎన్ని వేశారో చూడాలి గాని."

గట్టు మీది మెడలన్నీ ఒక్కసారి నక్క వైపు తిరిగాయి.

"బాగా చెప్పావల్లుడూ," అంది చుక్కబాతు. "అయితే మొత్తం పిల్లల్ని కూడా అలాగే చూద్దాం రా."

గంపలో తొమ్మిది, వాము దగ్గర పది. నూట పది గుడ్లకు పంతొమ్మిది పిల్లలు. లెక్క పూర్తయ్యేసరికి నక్క గట్టు దిగి పోతోంది, ముంతలో చేపలైనా అడగకుండా.

గంపనూ వామునూ సమానం చేసి సగటు చెప్పేవాడుంటే, ముందు వాడి మూతి చూడాలి.