గుర్రం నిలిచిన కనుమ: నెమ్మదయ్య స్వామి మహిమ

రాళ్లవంక దాటి కనుమదారిలో ఒక మైలు ఎక్కిన భక్తులకు ఎడమవైపు బండ కింద శ్రీ నెమ్మదయ్య స్వామి దర్శనమిస్తారు. స్వామికి గోపురం లేదు. భుజాన గొంగళి మడతలున్న స్వయంభూ శిల, దానికి ఎదురుగా నాలుగు కాళ్లూ బిగదన్ని నిలబడిన రాతి గుర్రం, అంతే. ఈ చోటిని గుర్రం నిలిచిన కనుమ అంటారు.

పూర్వం ఈ సీమను రంగప్ప నాయుడనే పాళెగాడు ఏలేవాడు. నీలవేణి అనే ఆడగుర్రమంటే ఆయనకు ప్రాణం. దానిని సాకే గిడ్డయ్యకు ఆ ప్రేమే తలనొప్పి అయింది. పండుగ వస్తే గుర్రానికి నాలుగు రోజులు సెలవు. కట్టుకొయ్య దగ్గర కదలకుండా నిలబడ్డ దానికి నాయుడు దగ్గరుండి బెల్లం కలిపిన ఉలవ గుగ్గిళ్లు గంపలతో పెట్టించేవాడు. ఐదోనాడు ఎక్కి దౌడు తీయించేవాడు. కోసు దూరం పోకముందే గుర్రానికి చెమటలు కారేవి, తొడ కండలు రాయిలా బిగిసేవి, మూత్రం నల్లగా పడేది.

“దొరా, పని లేనినాడు గుగ్గిళ్లు మానిపించండి, వట్టి గడ్డి చాలు. రోజూ కాస్త నడిపించండి” అని గిడ్డయ్య మొత్తుకున్నాడు.

“నా గుర్రాన్ని పస్తు పెడతావురా?” అని నాయుడు కసిరాడు.

మరుసటి పండుగకూ అదే తంతు. దిష్టి అన్నారు, నిమ్మకాయలు కట్టారు. వాతం అన్నారు, తొడల మీద వాతలు పెట్టారు. మూడేళ్లు చెప్పి చెప్పి గిడ్డయ్యకు విసుగెత్తింది. ఈయనకంటే గోడకు చెప్పుకోవడం మేలనుకున్నాడు.

ఒక ఉగాది ఐదోనాడు నాయుడు బావమరిదితో పందెం కట్టి గుర్రాన్ని ఈ కనుమ ఎక్కించాడు. సరిగ్గా ఇక్కడ నీలవేణి కొయ్యబారిపోయింది. నాయుడు కొరడా ఎత్తాడు, మనుషులు వాత పెట్టడానికి నిప్పు రాజేశారు. వెనుక పరుగెత్తుకొచ్చిన గిడ్డయ్య అడ్డం నిలబడ్డాడు.

“ఆ వాతేదో నాకు పెట్టండి! ఇంకొక్క అడుగు వేయిస్తే ఇది చస్తుంది!”

నాయుడు ఉమ్మేసి, మనుషులతో కాలినడకన పైకి పోయాడు. గిడ్డయ్య గుర్రానికి గొంగళి కప్పి, వంక నీళ్లు తెచ్చి తాగించాడు. తరువాత ఆ బండ వైపు తిరిగి, “ఈ కొండలో ఏ సామైనా ఉంటే నువ్వే చెప్పు ఆయనకు. నా వల్ల కాదు” అని చతికిలబడ్డాడు.

నాలుగు రోజులు బొబ్బట్లు తిని కదలని నాయుడికి సగం ఎత్తులోనే రెండు పిక్కలూ పట్టేశాయి. ఆయన కేకలు వేస్తుంటే మనుషులు, “వాత పెట్టమంటారా దొరా?” అని వినయంగా అడిగారు. ఆ బాధలో కన్ను మూతపడగా గొంగళి కప్పుకున్న ముసలాయన కనిపించాడు.

“గిడ్డయ్య మూడేళ్లుగా చెబుతున్నాడు కదా! అదే మాట నేను మళ్లీ చెప్పాలా? నాకు వేరే పని లేదా?”

మనుషుల భుజాల మీద దిగివచ్చిన నాయుడు, “ఏమన్నావో మళ్లీ చెప్పు గిడ్డయ్యా” అన్నాడు. గిడ్డయ్యకు ఒళ్లు మండింది. అయినా మొదటి నుంచీ చెప్పాడు. నాయుడు ఇక్కడే ఉండి తన చేతులతో గడ్డి కోసి పెట్టాడు. మూడోనాటికి మూత్రం తేటపడింది, తొమ్మిదోనాడు నీలవేణి అడుగు వేసింది. ఆనాడే బండ కింద స్వామి శిల బయటపడింది.

నేటికీ ఉగాది ఐదోనాడు స్వామివారి అశ్వవాహనం ఇక్కడ ఆగుతుంది. గిడ్డయ్య వంశీకుడు మేత నియమం మూడుసార్లు చదువుతాడు. నాయుడి వంశీకుడైన ధర్మకర్త మూడుసార్లూ “విన్నాను” అనాలి. అననిదే బోయీలు వాహనం ఎత్తరు. కండరాలు పట్టేసి బాధపడేవారు, పశువులకు కాళ్లు బిగిసినవారు స్వామిని సేవించి స్వస్థత పొందుతారు. తమ మాట ఇంట్లో ఎవరూ వినడం లేదని వచ్చే భక్తులే ఇటీవల ఎక్కువ. వారికి స్వామి ముందుగా ఓపిక ప్రసాదిస్తారని పెద్దల మాట.