విందుకు వచ్చిన కుంటి సిద్ధుడు

అనగనగా చీనా దేశంలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఇంటి పొయ్యి ఆరినా కుండల ఆవం ఆరదు. అక్కడ లిన్ షూ అనే ఆమె పింగాణీ జాడీల మీద బొమ్మలు వేసి బతికేది.

ఆ ఏడు రాజమాత జారిపడి కాలు విరిగింది. ఎముక అతికింది గాని కుంటితనం మిగిలిపోయింది. నలుగురి కంటా పడడం నామోషీ అనిపించి ఆమె గది తలుపు వేసుకుంది.

ఇంతలో ఆమె పుట్టినరోజు వచ్చింది. పెద్దల పుట్టినరోజుకు తావో మార్గపు ఎనిమిది మంది సిద్ధులను జాడీ మీద వేయించి ఇవ్వడం ఆ దేశపు ఆచారం. సిద్ధులే విందుకు వచ్చి ఆయుష్షు పోస్తారని నమ్మకం. వారిలో ఒకాయన కుంటివాడు. చింపిరి జుట్టు, చంకలో కర్ర, భుజాన మందుల సొరబుర్ర.

మంత్రి లిన్ షూతో కలిపి ముగ్గురు చిత్రకారులను పిలిచి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. "మీ బొమ్మ చూసి రాజమాత కంట నీరు పెట్టిందా, మీరు మళ్లీ కుంచె పట్టరు!"

మొదటివాడు గడుసువాడు. కుంటి సిద్ధుడికి కాళ్లు రెండూ చక్కగా గీసి, పట్టుబట్ట కట్టాడు. రెండోవాడు మరీ గడుసువాడు. ఆయన్ని మబ్బు చాటున దాచేశాడు.

లిన్ షూ కుంచె ఎత్తింది, దించింది. కాల్చని పింగాణీ రంగును ఇట్టే పీల్చేస్తుంది, గీశాక చెరపలేరు. పాపం, ఆమెకు తెలిసిన విద్య బొమ్మలు వేయడమొక్కటే.

"కర్ర తీసేస్తే ఆయన విందుకు ఎలా నడిచి వస్తాడు? మందు బుర్ర ఉన్నదీ ఆయన దగ్గరేనాయె!" అనుకుంది. ఉన్నవాణ్ణి ఉన్నట్టే గీసింది. ఆవంలో కాలాక నల్లని గీతలన్నీ నీలంగా తేలాయి.

పుట్టినరోజున ముగ్గురూ జాడీలు పట్టుకుని మంత్రి వెంట రాజమాత గదికి వెళ్లారు.

మొదటిది చూసి ఆమె "బాగుంది" అంది, అంతే. రెండోది చూసి వేళ్లు మడిచింది. "ఏడుగురే ఉన్నారేం? ఎనిమిదో ఆయన కూడా నాలాగే తలుపు వేసుకున్నాడా?" అంది. మంత్రి గబగబా ఆ జాడీని పక్కకు తీయించాడు.

మూడో జాడీని ఆమె ఒడిలోకి తీసుకుంది. కుంటి సిద్ధుడి కర్రను వేలితో నిమిరింది. కన్నీళ్లు జలజలా రాలాయి.

"చెప్పానా లేదా!" అని మంత్రి గుడ్లురిమాడు.

"నువ్వాగవయ్యా," అంది రాజమాత. "ఈయన కుంటుకుంటూ నా పుట్టినరోజుకు వచ్చాడు. విందు ఇచ్చేదాన్ని, నేను గదిలో కూర్చుంటే మర్యాదేనా? ఏదమ్మా, ఆ మూలనున్న కర్ర ఇటియ్యి."

లిన్ షూ కర్ర అందించింది. ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి లిన్ షూ భుజం మీద వేసి, రాజమాత అందరూ చూస్తుండగా కుంటుకుంటూ విందుకు నడిచింది.

నొచ్చుకుంటారని నిజాన్ని దాచే చేతికన్నా, ఆ నిజాన్నే ఊతకర్రగా అందించే చెయ్యి గొప్పది.