పారమ్మ ఇంట్లో ప్రాణమున్నవి

తెలివి అనేది వివేకంవారి ఇంట్లోనే పుట్టిందట. ఈ మాట ఊళ్ళోవాళ్ళెవరూ అనరు, వివేకంవాళ్ళే అంటారు. ఇంటిపెద్ద అప్పలకొండ వానొస్తే గొడుగు మడిచి చొక్కాలో దాచుకుంటాడు, కొత్త గొడుగు తడిసిపోతుందని. ఆయన భార్య నూకాలమ్మ ఖాళీ కుండల మీద కూడా మూతలు పెడుతుంది, లోపలున్న ఖాళీ ఒలికిపోకుండా. ఆవిడ తమ్ముడు బంగార్రాజు కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. అతను పడుకునేముందు కళ్ళు గట్టిగా బిగించి మూసుకుంటాడు, చీకటి లోపలికి పోకుండా. ఇలాంటి బుర్రలు మూడూ ఒకే కప్పు కింద ఉండటం ఈ ఊరి అదృష్టమని రోజూ అన్నాల దగ్గర ముగ్గురూ ఒకరితో ఒకరు చెప్పుకుంటారు.

ఊరు మాత్రం వాళ్ళకి ఒక చెంబు కూడా అప్పగించేది కాదు.

పక్కింటి పారమ్మకి తప్పలేదు. పక్క ఊళ్ళో ఉన్న కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. ఊరు ఊరంతా చెరకు కొట్టడానికి పోయింది. వీధి మొత్తానికి మిగిలింది ఈ ముగ్గురే. పారమ్మ ఆస్తంతా కలిపితే ఒక మేక, అరుగు మీద బుట్టలో గుడ్లు పొదుగుతున్న ఒక కోడి, వంటపాక పక్కన ఒక ఆనపపాదు. ఆవిడ బతుకంతా వాటిమీదే.

"తమ్ముడూ, రేపు పొద్దుటికి వొచ్చీస్తాను. ఇంట్లో ప్రాణమున్నవాటిని కనిపెట్టుకుని ఉండండి. మిగతా సామానుకి ఏటయినా నాకు బెంగలేదు. ప్రాణమున్నవి పోయాయంటే మాత్రం నేనూ పోయినట్టే," అని చెప్పి, చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పలకొండ చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి అతన్ని నమ్మి ఎవరూ ఏదీ అప్పగించలేదు. "చూశావేటి నూకాలూ, మన తెలివిని గుర్తించిన మనిషి ఈ ఊళ్ళో ఒక్క పారమ్మప్పే. ఆవిడ మాట పోనివ్వకూడదు," అన్నాడు. నిజంగానే అన్నాడు పాపం.

"మాట ఎందుకు పోతాది బావా? మనం ముగ్గురం ఉండగా!" అన్నాడు బంగార్రాజు. కాసేపు ఆలోచించి, "అవునుగానీ, ప్రాణమున్నవంటే ఏటి?" అన్నాడు.

ముగ్గురికీ తెలీదు. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.

సరిగ్గా అప్పుడే బడికి ఆలస్యమైపోయి సైకిలు తొక్కుకుంటూ పోతున్నారు మాస్టారు. ముగ్గురూ అడ్డంగా నిలబడి అడిగారు. ఆయన సైకిలు దిగకుండానే, ఒంటికాలు నేలమీద ఆనించి, రోజూ పిల్లలకి చెప్పేదే గడగడా అప్పజెప్పేశారు. "ప్రాణమున్నది కదులుతుంది, తింటుంది, ఊపిరి పీలుస్తుంది, పెరుగుతుంది, తనలాంటి పిల్లల్ని పుట్టిస్తుంది. ప్రాణం లేనిది ఇవేవీ చెయ్యదు. అర్థమైందా?" ఆ ముగ్గురూ ఒకేసారి తలలూపారు. మాస్టారికి అనుమానం రాలేదు, బళ్ళో పిల్లలు కూడా అలాగే ఊపుతారు మరి. బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు.

ఇంకేముంది, పరీక్ష మొదలైంది.

ముందుగా కోడి. ముగ్గురూ బుట్టకి ఎదురుగా గొంతుక్కూర్చుని చూశారు. కోడి కదల్లేదు. గుప్పెడు నూకలు చల్లారు. కోడి కళ్ళు సగం మూసుకుని అలాగే కూర్చుంది. పొదుగుకి కూర్చున్న కోడి మరేం చేస్తుంది! పిల్లల మీద ధ్యాస తప్ప దానికి ఇంకోటి ఉంటుందా?

"కదల్లేదు. తిన్లేదు," అన్నాడు అప్పలకొండ.

"ఈకలు మటుకు బాగా కుట్టారు," అంది నూకాలమ్మ మెచ్చుకుంటూ, ముట్టుకోబోయింది. కోడి కొక్కొక్కో అని ఒక్క అరుపు అరిచింది.

"అరిచింది బావా!"

"అరిస్తే ఏటిరా? మనింటి తలుపు తోస్తే అరవదేటి? తలుపుకి ప్రాణముందా?" అన్నాడు అప్పలకొండ. కోడి సామాన్లలోకి పోయింది. దాని కింద ఉన్న గుడ్లయితే కదలవు, మెదలవు, తినవు. వాటిని గులకరాళ్ళ కింద జమకట్టారు.

తర్వాత ఆనపపాదు. నూకాలమ్మ ఒక ముద్ద గంజన్నం కలిపి తీగ దగ్గర పట్టుకుంది. తినలేదు. పెరుగుతుందేమో చూద్దామని బంగార్రాజు తీగ కొనకి ముక్కు ఆనించి మధ్యాహ్నందాకా నిలబడ్డాడు. మెడ నొప్పి పుట్టింది గానీ తీగ అతని ముక్కు దాటలేదు. "ఇది తాడే. పచ్చరంగు వేశారంతే," అని తేల్చేశాడు.

తాడన్నాక కట్టడానికేగా! మేక మాత్రం నడిచింది, మేసింది, తుమ్మింది కూడా. అనుమానం లేకుండా ప్రాణమున్నదే. అది ఎటైనా పారిపోతే పారమ్మప్పకి ఏం జవాబు చెప్పుకోవాలి? అందుకని మేకని తీసుకొచ్చి ఆ పచ్చతాడుకే గట్టిగా కట్టేశారు. అంతే, వాళ్ళు మంచినీళ్ళు తాగి వచ్చేలోగా మేక ఆకులు తింది, పూలు తింది, పిందెలు తింది, తీగ కూడా తిని తీరిగ్గా నెమరేస్తూ నిలబడింది.

"తాడు తినీసింది!" అని గుండె బాదుకున్నాడు బంగార్రాజు.

"తిననీరా. సామానుకి ఏటయినా బెంగలేదని ఆవిడే చెప్పింది కదా. మనకి మేక ముఖ్యం," అన్నాడు అప్పలకొండ. పాదు మొదలు లోపల తెల్లగా ఉండి నీరు కారుతూ ఉంది. నూకాలమ్మ దాన్ని చూసి, "రంగు లోపలిదాకా ఎక్కలేదు," అంది.

సాయంత్రమైంది. తాడు తిన్న మేకకి కడుపునొప్పి వస్తుందేమోనని నూకాలమ్మకి దిగులు పట్టుకుంది. వెచ్చగా ఇంత గంజి కాచి పోద్దామని వంటపాకలోకి వెళ్ళి పొయ్యి ముట్టించింది. మంట చిన్నగా లేచింది. బంగార్రాజు దానివంకే చూస్తూ కూర్చున్నాడు. చూసి చూసి ఒక్కసారి గావుకేక పెట్టాడు.

"బావా! కదల్తన్నాది!"

అప్పలకొండ పరుగెత్తుకొచ్చాడు. మంట నిజంగానే అటూ ఇటూ కదులుతోంది. ఒక చితుకు పెడితే కరకరమని నమిలింది. గొట్టంతో ఊదితే ఊపిరి పీల్చుకుని లేచి కూర్చుంది. ఇంకో పుల్ల పెడితే కళ్ళముందే పెరిగింది. అంతలో ఒక నిప్పురవ్వ ఎగిరి పక్కనున్న కొబ్బరిపీచు మీద పడింది. అక్కడ బుల్లి మంట ఒకటి లేచింది.

"పిల్లని పెట్టింది!" అని నూకాలమ్మ చప్పట్లు కొట్టింది. "అచ్చం తల్లిలాగే ఉంది!"

మాస్టారు చెప్పినవన్నీ సరిపోయాయి. ఒక్కటి కూడా తక్కువ కాలేదు. మేక ఇంకా పిల్లని పెట్టనే లేదు, అంటే మేక కన్నా ఇదే ఎక్కువ ప్రాణమున్నది. "ఇలాంటిదాన్ని పొద్దుట్నించీ పస్తులుంచాం," అని అప్పలకొండ నెత్తి కొట్టుకున్నాడు. పారమ్మప్ప నమ్మి వదిలి వెళ్ళిన ప్రాణం, ఆకలితో పోతే?

ఇంకేముంది, మేపడం మొదలెట్టారు. కట్టెలు పెట్టారు. అయిపోయాయి. చీపురు పెట్టారు, చేట పెట్టారు, కూర్చునే పీట పెట్టారు. ఎంత పెట్టినా నాలుకలు చాస్తూనే ఉంది. "ఎదిగే వయసు మరి," అంది నూకాలమ్మ. చివరికి ఇంట్లో సామానేమైనా మిగిలిందా అని వెతుకుతూ మగవాళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని అరుగు మీదికి వెళ్ళి కోడి మీద చెయ్యేసింది.

ఇప్పుడు చూడాలి కోడిని! ఒక్క ఉదుటున లేచి, నూకాలమ్మ మణికట్టు మీద పొడిచి, బంగార్రాజు నెత్తిమీద కాలేసి, అప్పలకొండ మొహం మీద రెక్కలు కొట్టి, ఎగిరి గోడెక్కింది.

"ఎగిరింది బావా!"

"ఎగిరితే ఏటి? మొన్న గాలికి నా గొడుగు ఎగిరిపోలేదేటి?" అన్నాడు అప్పలకొండ ముక్కు తడుముకుంటూ. "పోనీలే. బుట్టలో రాళ్ళు పొయ్యిలోదానికి అరగవు. వాటినొదిలీ."

అలా బతికిపోయాయి గుడ్లు. కోడి వీళ్ళు అటు తిరగ్గానే దిగొచ్చి, మళ్ళీ బుట్టలో సర్దుకుని కూర్చుంది. ఆ రోజు ఆ ఇంట్లో తన పని తాను తెలిసి చేసింది అదొక్కటే.

ఈలోగా మంట తాటాకు కప్పుని చూసింది. తనంతట తనే పైకెక్కి తినడం మొదలెట్టింది. "చెయ్యి చాచి తీసుకుంటన్నాది! ఎవరూ పెట్టక్కర్లేదు!" అని ముగ్గురూ పాక బయటికొచ్చి, బిడ్డ మొదటిసారి నడిచినంత సంబరంగా చూశారు.

చెరకు కొట్టి వస్తున్నవాళ్ళు పొగ చూసి పరుగెత్తుకొచ్చారు. బిందెలు, బకెట్లు, ఏది దొరికితే దానితో నీళ్ళు తెచ్చారు. బంగార్రాజు చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. "చంపకండి బాబూ! ప్రాణమున్నది! పారమ్మప్ప మాకు అప్పగించింది!" అని ఏడ్చాడు. మొదటి బకెట్టు అతని మీదే పడింది. మిగతావి మంట మీద పడ్డాయి. వంటపాక బూడిదైంది, ఇల్లు దక్కింది. ఊరివాళ్ళు ఆ ముగ్గుర్నీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు, పిల్లలు చదువుతారు.

తెల్లారేసరికి పారమ్మ వచ్చింది. కూతురికి ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. ఆ సంతోషం మొహం మీద ఉండగానే పాక ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది. పాదు లేదు. అరుగు పక్కన మేక మాత్రం తీరిగ్గా నెమరేస్తూ ఉంది. బుట్ట దగ్గరికి పరుగెత్తింది. కోడి ఉంది! దాని రెక్క కింది నుంచి కిచకిచలు వినిపించాయి. పసుపుముద్దల్లాంటి తలలు బయటికొచ్చాయి. పారమ్మ కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "నా తల్లే! బతికున్నావా! పాకదేముంది, మళ్ళీ వేసుకుంటాను. నా ప్రాణాలు నాకు దక్కాయి," అంది.

అప్పలకొండ తడికళ్ళతో ముందుకొచ్చాడు. "అప్పా, ఆ సామాను గురించి ఏడవకు. అసలు ప్రాణమున్నదాన్నే కాపాడలేకపోయాం. కడుపునిండా పెట్టాం. మేడంత ఎదిగింది. మనూరోళ్ళే నీళ్ళు పోసి చంపీశారు. నీ మొహం ఎలా చూడాలో తెలీటం లేదు."

పారమ్మ పాక వంక చూసింది, అప్పలకొండ వంక చూసింది, జరిగిందంతా అర్థమైంది. నోరు తెరిచింది. మాట రాలేదు. నోరు అలా తెరిచే ఉంచి కొయ్యలా కూర్చుండిపోయింది.

నూకాలమ్మ గంజి తెచ్చి నోటి దగ్గర పెట్టింది. పారమ్మ తాగలేదు. బంగార్రాజు భుజం పట్టుకుని కుదిపాడు. పారమ్మ కదల్లేదు.

"అయ్యో, ఇన్నాళ్ళూ వదినకి ప్రాణముందనుకున్నాం," అంది నూకాలమ్మ.

"సరేలే, సామానుకి ఏటయినా బెంగలేదని తనే చెప్పింది," అన్నాడు అప్పలకొండ. చెప్పి, చివరి చూపు చూసుకుందామని బూడిద దగ్గరికి వెళ్ళాడు. కర్రతో కాస్త కదిపాడు. అడుగున ఎర్రగా ఒక చిన్న నిప్పుకణిక! గాలి తగలగానే మిణుకుమంది.

"ఊపిరుంది! పిల్ల బతికుంది!"

అంతే, ముగ్గురికీ కాళ్ళు నేలమీద ఆనలేదు. దాన్ని మట్టిమూకుట్లోకి ఎత్తుకుని, ఈసారి ఊరివాళ్ళ కంట పడకుండా చెంగు చాటు చేసి, సొంత ఇంటికి తెచ్చేశారు. పొద్దుటి చలికి పసిదానికి జలుబు చేస్తుందని బంగార్రాజుకి భయం. అందుకని పెరట్లో ఇంటిని ఆనుకుని ఉన్న గడ్డివాములో మెత్తగా గుంట చేసి పడుకోబెట్టారు. నూకాలమ్మ పైన ఇంత ఎండుగడ్డి కప్పి, నిద్రపోవడానికి మెల్లిగా ఊదింది.

బిడ్డ నిద్రపోలేదు. చిటపటమని నవ్వింది. ఒళ్ళు విరుచుకుని లేచింది. గడ్డివాము మీదుగా వంగి, వాళ్ళింటి తాటాకు కప్పు వైపు చేతులు చాచింది.

"చూశావేటి నూకాలూ," అన్నాడు అప్పలకొండ పొంగిపోతూ, "అప్పుడే ఇల్లు గుర్తుపట్టీసింది!"