గాసి లంద పెట్టిన సంగతి

గాసికి లంద కుదరడం లేదు.

లంద అంటే మా కొండల్లో ఇంట్లో పెట్టుకునే కల్లు. చోళ్లు, అదే రాగులు, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, ఆ పిండిని సామల జావలో కలిపి కుండలో పులియబెడతారు. వినడానికి ఇంతే. పెట్టడానికి కూర్చుంటే తాతలు దిగొస్తారు.

మా దగ్గర లంద పెట్టేది ఆడవాళ్లే. గాసి పెళ్లాం సొనాయి లంద పెట్టిందంటే పక్క ఊళ్లవాళ్లు కూడా ఏదో వంక పెట్టుకుని వచ్చి వాళ్ల అరుగు మీద కూర్చునేవారు. ఒకడు గొడ్డలి అరువడగడానికి, ఇంకొకడు కోడి తప్పిపోయిందని. ఆ సొనాయి మొన్న వానల్లో జ్వరం తగిలి పోయింది. మనిషి పోయిన ఇంట్లో మట్టికుండ ఉంచకూడదు, మైల. ఊరివాళ్లు వచ్చి కుండలన్నీ బయటపెట్టి పగలగొట్టారు. లంద కుండ కూడా అందులోనే పోయింది. గాసి చూస్తూ నిలబడ్డాడు. ఏం పోతోందో అప్పుడతనికి తెలీలేదు.

కొత్తల పండగ దగ్గరపడ్డాక తెలిసింది. కొత్త పంట నోట పెట్టుకునే ముందు, ఆ ఏడాది పోయినవాళ్ల పేరు చెప్పి నేల మీద లంద పొయ్యాలి. పోస్తే వాళ్లొచ్చి తాగుతారని నమ్మకం. ఇరుగుపొరుగు మంచివాళ్లే, మా ఇంట్లోది పట్టుకెళ్లు అన్నారు. గాసి ఒప్పుకోలేదు.

"బతికుండగా ఆమె ఇంకో ఇంటి లంద ముట్టలేదు. ఇప్పుడు ముడతాదా? రాదు," అన్నాడు.

ఈ పండక్కి రాకపోతే ఇంక ఎప్పటికీ రాదేమోనని అతని భయం. సాయంత్రం పొలం నుంచి వచ్చి గుమ్మంలో కాసేపు ఆగేవాడు, లోపల అలికిడి వినబడుతుందేమోనని. వినబడదని తెలుసు. అయినా ఆగేవాడు.

అలా ఉండబట్టలేక బుదరవ్వ దగ్గరికెళ్లాడు. ఊళ్లో సగంమందికి లంద నేర్పింది ఆవిడే. సొనాయికీ ఆవిడే నేర్పింది. అడ్డపొగ వేసుకునే మనిషి, అంటే చుట్టని నిప్పు లోపలికి పెట్టి కాలుస్తుంది. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ పలకదు, తీస్తే రెండు ముక్కలు చెప్పి మళ్లీ పెట్టేసుకుంటుంది.

"నాకు నేర్పవ్వా. సొనాయి లంద లాంటిది ఒక్క కుండ దిగితే చాలు," అన్నాడు గాసి.

బుదరవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "జావ కాచి చూపించు," అంది.

కాచాడు. పొగలు కక్కుతున్న జావలో చోడిపిండి గుమ్మరించబోయాడు. బుదరవ్వ అతని మణికట్టు పట్టుకుని వేళ్లు జావలో ముంచింది. గాసి కెవ్వుమని చెయ్యి లాక్కున్నాడు.

"నువ్వు ఓర్చుకోలేంది పిండెలా ఓర్చుకుంటాది?" అంది. అంతే. మళ్లీ చుట్ట.

ఆ తర్వాత చల్లార్చి కలపడం వచ్చింది. కుండ మూతికి ఆకులు కప్పి, ఇంటికి తీసుకెళ్లి పొయ్యి పక్కన పెట్టుకున్నాడు. కుండ లోపల బుసబుసమని పొంగడం మొదలైంది. ఆ చప్పుడు విని గాసి కదల్లేకపోయాడు. సొనాయి ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో మూల నుంచి అదే చప్పుడు వచ్చేది. అన్నం తింటూ విన్నాడు, పడుకుని విన్నాడు, ఏనాడూ పట్టించుకోలేదు. ఇప్పుడు కుండ పక్కనే చాప వేసుకున్నాడు. పొద్దస్తమానం ఆకులు ఎత్తడం, వాసన చూడడం, మళ్లీ కప్పడం. ఎత్తినప్పుడల్లా గాలి తగిలింది. లంద కాస్తా పులిసి పులిసి నోట పెట్టలేకుండా పోయింది.

బుదరవ్వకి చెప్పాడు. మర్నాడు అతను అంబలి తాగుతుంటే ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. గుక్క వేసినప్పుడల్లా వంగి అతని నోట్లోకి తొంగిచూసింది. నాలుగు గుక్కలయ్యేసరికి గాసికి పొలమారింది.

"ఏటవ్వా ఇది? తాగనివ్వవా?"

"కుండ కూడా అదే అడుగుతోంది."

ఆ పాఠం కూడా వంటబట్టింది. తర్వాత పెట్టిన కుండ జోలికి వెళ్లలేదు. అది పులియాల్సినంత పులిసింది, తేరుకుంది. గాసి ఒక డొప్పలో పోసుకుని, కళ్లు మూసుకుని ఒక్క గుక్క తాగాడు. లందే. కాని సొనాయిది కాదు. పలచగా ఉంది, పుల్లగా ఉంది, చివర్లో కొంచెం చేదు. కుండెత్తి దొడ్లో పారబోశాడు. పక్కింటి కోళ్లు అది తాగి, ఆ సాయంత్రం గూట్లోకి దారి తెలియక ముంగిట్లోనే తిరిగాయి. ఊరు నవ్వింది. గాసి నవ్వలేదు. కుండని బూడిదతో తోమి, కడిగి, ఎండబెట్టి, మళ్లీ మొదలుపెట్టాడు.

మళ్లీ ఒక గుక్క. మళ్లీ దొడ్లోకి. మళ్లీ బూడిద.

గాదెలో చోళ్లు అడుగంటాయి. పండగ రేపనగా, ఆఖరి కుండని నెత్తిన పెట్టుకుని బుదరవ్వ ఇంటికొచ్చాడు. ఆవిడ ముందు దించాడు.

"ఆమె ఇందులో ఏదో వేసేది. వేరో, ఆకో. నీకు తెలుసు. నాకు చెప్పడం లేదు. చెప్పవ్వా. నాకింక చోళ్లు లేవు."

బుదరవ్వ చుట్ట తీసి పక్కన పెట్టింది. పొయ్యమన్నట్టు డొప్ప ముందుకి చాపింది. గాసి పోశాడు. ఆవిడ డొప్ప ఎత్తి, ఆపకుండా, చుక్క మిగలకుండా తాగింది.

"బాగుందిరా," అంది. "ఇంకాస్త పొయ్యి."

"అబద్ధం," అన్నాడు గాసి.

"ఊఁ, అబద్ధమే. నువ్వు కూడా ఇదే ఆడావంట కదా."

గాసికి అర్థం కాలేదు. బుదరవ్వ చెప్పింది. "సొనాయి కాపురానికొచ్చిన కొత్తలో మొదటి కుండ పెట్టింది చూడు, అప్పుడు. ఆ కుండ నేనూ రుచి చూశాను. పందులకి పోసినా తిట్టుకుంటాయి. నువ్వు డొప్పెడు తాగి, బాగుంది, ఇంకాస్త పొయ్యి అన్నావంట. పరిగెత్తుకొచ్చి నాకు చెప్పింది. ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు."

గాసి నేల మీద చతికిలబడ్డాడు. ఆ రోజు గుర్తొచ్చింది. కొత్త పెళ్లాం డొప్ప అందించి, పైటకొంగు వేలికి చుట్టుకుంటూ అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆ ముఖం చూసి ఎవడు మాత్రం నిజం చెప్తాడు.

"నమ్మిందనుకున్నాను," అన్నాడు.

"తన నోరు తనకి లేదేటి?"

బయట ఎవరో పండక్కి ముంగిలి అలుకుతున్నారు. గాసి అడిగాడు.

"మరి ఆ కుండ ఏం చేసింది?"

"పారబోద్దామని లేచింది. పారబొయ్యలేకపోయింది. నువ్వు తాగిన కుండ కదా. పైది ఒంపేసి, అడుగున మడ్డి ఉంచి, దాని మీదే కొత్త జావ పోసింది. ఆ కుండలో ఆ మడ్డి మీదే ప్రతిసారీ పోసింది. చచ్చేదాకా దాన్ని కడగలేదు."

గాసి తన కుండ వైపు చూశాడు. బూడిదతో తోమి తోమి దాని అంచు తెల్లబడింది.

"వేరూ లేదు, ఆకూ లేదు," అని బుదరవ్వ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది.

తెల్లారింది. పండగ. ఊరంతా అమ్మవారి రాయి దగ్గర చేరారు. ఎవరి లంద వాళ్లు తెచ్చి, ఎవరి మనుషుల పేర్లు వాళ్లు చెప్పుకుని నేల మీద పోస్తున్నారు. గాసి తన పుల్లటి లందనే తెచ్చాడు. పైతేట మాత్రం సొరబుర్రలోకి ఒంపుకున్నాడు. అడుగు మడ్డితో కుండని ఇంట్లో పొయ్యి పక్కనే వదిలేసి వచ్చాడు.

సొనాయి పేరు చెప్పాడు. సొరబుర్ర వంచి మెల్లగా పోశాడు. మట్టి తడిసింది, నురగ కాసేపు నిలబడి ఇంకిపోయింది. అందరూ లేచి డోలు దగ్గరికి వెళ్లిపోయారు. గాసి అక్కడే గొంతుక్కూర్చుని, తడి నేల మీద అరచెయ్యి పెట్టుకుని ఉండిపోయాడు.

బుదరవ్వ వచ్చి పక్కన నిలబడింది.

"వచ్చిందా?"

గాసి తలూపాడు.

"తాగి ఏమందిరా?"

అతను కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే నవ్వాడు.

"అబద్ధమాడిందవ్వా," అన్నాడు.