బైరన్న దవడ పన్ను

అనగనగా ఒక అడవి. అడవి అనగానే మీకు సింహమే గుర్తొస్తుందని నాకు తెలుసు. ఈ అడవిలో సింహం లేదర్రా. ఉన్నదల్లా ఒక చిరుత, దాని పేరు చెబితేనే వణికిపోయే జింకలూ కుందేళ్లూ, వాటికి కాపలాగా ఒక ముసలి కుక్క. ఆ కుక్క పేరు బైరన్న.

అడవి మధ్యలో ఒక వాగు ఉంది. నీళ్లు తాగాలంటే అందరూ అక్కడికే రావాలి. బైరన్న రేవులో బండ మీద కూర్చుని చుట్టూ కనిపెట్టుకుని ఉండేవాడు. చిరుత వాసన తగిలిందా, అడవంతా దద్దరిల్లేలా మొరిగేవాడు. ఆ మొరుగు వినబడగానే అన్నీ కాళ్లకు బుద్ధి చెప్పేవి. బైరన్న వచ్చాక ఆ రేవులో చిరుతకి ఒక్క జింకపిల్ల కూడా దొరకలేదు.

బైరన్న వీపు మీద ఎప్పుడూ ఒక గోరింక ఉండేది. దాని పేరు పైడి. కళ్లు తెరవని పిల్లగా గూట్లోంచి కింద పడితే, బైరన్నే మెల్లగా నోట పట్టుకుని తెచ్చి పెంచాడు. అందుకే పైడి అతన్ని "తాతా" అని పిలిచేది. తాత ఒంటి మీద పిడుదులు ఏరడం దాని పని. తిండి అయ్యాక ఇంకో పని ఉండేది. బైరన్న నోరు ఇంత బారున తెరిచేవాడు. పైడి తల లోపలికి పెట్టి, పళ్ల సందుల్లో ఇరుక్కున్న మాంసం పీచులు ఒక్కొక్కటే లాగేసేది. ఆ సేపంతా బైరన్న గట్టిగా ఊపిరి కూడా తీసేవాడు కాదు. కుక్క నోట్లో గోరింక తలేమిటని కొత్తగా వచ్చినవాళ్లు హడలిపోయేవాళ్లు. వాళ్లిద్దరికీ మాత్రం అది రోజూ ఉండేదే.

ఇలా ఉండగా బైరన్నకి కుడి దవడ పన్ను ఒకటి నొప్పి పెట్టడం మొదలైంది. మొదట సలుపు. తరవాత పోటు. చల్లటి నీళ్లు తాగితే ప్రాణం పోయేంత పోటు.

పన్ను నొప్పి అని చెబితే పోయేది కదా? బైరన్న చెప్పలేదు. ఎందుకో వినండి. ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. తొలకరి పడగానే రేవు కాపలాదారు వెళ్లి ఆ అడవికి పెద్ద అయిన అడవిదున్న దొరన్న ముందు నిలబడి పళ్లు ఇకిలించి చూపించాలి. దొరన్న చూసి, తల ఊపి, "మంచిది, వెళ్లి పని చూసుకో" అనాలి. పుచ్చు పళ్లుంటే పనిలోంచి తీసేస్తారని ఎవరూ అనలేదు. బైరన్నే అనుకున్నాడు. తనలో తనే అనుకుని, తనలో తనే భయపడ్డాడు. ముసలివాళ్లకి పంతం ఎక్కువర్రా, ఆ విషయంలో మీ కంటే వాళ్లేం తక్కువ కాదు.

ఒకరోజు బైరన్న ఎముక కొరుకుతూ కొరుకుతూ చటుక్కున వదిలేశాడు.

"ఏం తాతా, వదిలేశావు?" అని అడిగింది పైడి.

"మట్టి అంటుకుంది" అన్నాడు బైరన్న.

ఎముకకి మట్టి లేదు. రక్తం ఉంది. పైడి అది చూసింది.

ఇంకోరోజు బైరన్న నోట్లోంచి సొంగ కారుతోంది. పక్కన కూర్చోలేనంత కంపు.

"తాతా, ఒక్కసారి నోరు తెరువు. చూస్తాను" అంది పైడి.

"పెద్ద వైద్యురాలివి బయల్దేరావు! నీ పని నువ్వు చూసుకో" అని గుర్రుమన్నాడు బైరన్న.

ఆ రోజు నుంచి తిండి అయ్యాక నోరు తెరవడం మానేశాడు.

మూడోసారి జరిగింది చెప్పాలంటే నాకే బాధగా ఉంటుంది. మిట్ట మధ్యాహ్నం. బైరన్న నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతున్నాడు. చెంప బూరెలా వాచి ఉంది. పైడికి మనసు ఆగలేదు. చప్పుడు చేయకుండా దగ్గరికి వెళ్లి నోట్లోకి తొంగి చూసింది. దాని ముక్కు పుచ్చు పన్నుకి తగిలింది.

అంతే! బైరన్న ఎగిరిపడి కరిచేశాడు.

తెలివి వచ్చేసరికి నోట్లో రెక్క ఈకలు ఉన్నాయి. ఎదురుగా పైడి నెత్తురోడుతూ కింద పడి ఉంది.

నిద్రలో జరిగింది కదా అంటారా? కరవడం నిద్రలోనే జరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఆ తరవాత అతను మేలుకునే ఉన్నాడు. "నొప్పి తల్లీ, పన్ను నొప్పి, ఓర్చుకోలేకపోయాను" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ ముక్క నోటి దాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసి, "నా నోటి దగ్గరికి నిన్నెవరు రమ్మన్నారు? పో అవతలికి!" అన్నాడు.

పైడి ఎగరలేక గెంతుకుంటూ గెంతుకుంటూ వాగు వెంట వెళ్లిపోయింది. బైరన్న పిలవలేదు.

నాలుగు రోజులకి చెంప వాపు కంటి దాకా పాకింది. బైరన్న బండ మీదే సొమ్మసిల్లి పడిపోయాడు. దొరన్న అతన్ని కొమ్ముల మీద మోసుకుంటూ కొండముచ్చు సింగారమ్మ గుహకి తీసుకెళ్లాడు. ఆ చుట్టుపక్కల పళ్ల వైద్యం ఆమెదే. మత్తు పసరు పోసి, చీము తీసి, ఒకటి కాదు రెండు కాదు, పదకొండు పళ్లు పీకింది. చిగుళ్లకి నారతో కుట్లు వేసింది.

మొదటి రోజంతా బైరన్నకి మత్తు దిగలేదు. లేవబోతే నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకి పోయేవి. నాలుక పక్కకి వేలాడిపోయింది. చిన్నపిల్లాడిలా కుయ్ కుయ్ మని ఏడ్చాడు. రెండో రోజు సింగారమ్మ చల్లారిన జావ పెడితే, సగం తాగి సగం గడ్డానికి పూసుకున్నాడు.

మూడో రోజు పొద్దున్నే లేచి కూర్చుని అటూ ఇటూ చూశాడు.

"సింగారమ్మా, నాకేదో తేడాగా ఉంది. ఏదో లేనట్టుంది" అన్నాడు.

"లేనిది నొప్పి" అంది సింగారమ్మ. "ఏడాది నుంచి కుళ్లుతున్న పళ్లవి. ఎలా ఓర్చుకున్నావయ్యా ఇన్నాళ్లూ?"

ఏడాది! ఏడాదిగా తను విసుక్కున్నవన్నీ, కసురుకున్నవన్నీ బైరన్నకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చివరికి ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. లేచి గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికి?" అని అడ్డం నిలబడింది సింగారమ్మ. "కుట్లు మానే దాకా పది రోజులు కదలకూడదు. ఎముక ముట్టకూడదు. మొరగకూడదు."

పది రోజులూ బైరన్న జావ తాగుతూ, పైడితో ఏమనాలో మనసులో కూడబలుక్కుంటూ గడిపాడు. ఒకరోజు దొరన్న చూడటానికి వచ్చాడు.

"దొరా, పదకొండు పళ్లు పోయాయి. ఇక నా కాపలా పని పోయినట్టేగా?" అని అడిగాడు బైరన్న.

దొరన్న పకపకా నవ్వాడు. "ఓరి పిచ్చోడా! నిన్ను పెట్టుకున్నది మొరగడానికి. కరవడానికి కాదు. తొలకరికి పళ్లు చూసేది, ఏ పన్నైనా పుచ్చితే వైద్యం చేయిద్దామని. ఇన్నేళ్లలో నువ్వు ఎవర్నైనా కరిచావా చెప్పు?"

బైరన్న తల దించుకున్నాడు. "ఒకసారి కరిచాను దొరా" అన్నాడు.

కుట్లు మానాక బైరన్న వాగు వెంట వెతుక్కుంటూ వెళ్లాడు. ఒక మద్దిచెట్టు చిటారు కొమ్మన పైడి కనిపించింది. రెక్క మానింది కానీ కాస్త వంకరగా ఉంది.

"పైడీ, నాకు పన్ను నొప్పి ఉండేది. నీకు చెప్పలేదు. తప్పు నాది తల్లీ" అన్నాడు బైరన్న. కూడబలుక్కున్న మిగతా మాటలేవీ బయటికి రాలేదు.

పైడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అంత నొప్పా తాతా? ఆ రోజే చెబితే సింగారమ్మని నేనే పిలుచుకొచ్చేదాన్ని కదా! నేనంటే నీకు విసుగేసిందనుకున్నాను" అంది.

"నువ్వంటే విసుగా? రామ్మా, కిందికి రా."

పైడి ఒక కొమ్మ దిగింది. ఇంకో కొమ్మ దిగింది. మూడో కొమ్మ కూడా దిగింది. బైరన్న సంతోషం పట్టలేక తోక ఊపుతూ నోరు తెరిచాడు. పైడి బుర్రున ఎగిరి మళ్లీ చిటారు కొమ్మకి చేరింది.

"నీ మీద కోపం లేదు తాతా. నిజంగా లేదు" అంది పైడి వణుకుతూ. "రావాలనే ఉంది. నా రెక్కలే నా మాట వినడం లేదు."

మర్నాడు వచ్చి ప్రయత్నించింది. ఆ మర్నాడూ ప్రయత్నించింది. బైరన్న కళ్లు మూసుకుని, నోరు బిగించుకుని, కదలకుండా పడుకున్నాడు. అయినా మూడో కొమ్మ దాటి దిగలేకపోయింది.

బైరన్న మళ్లీ రేవు కాపలాకి వచ్చాడు. ఇప్పుడు మొరుగు ముందుకంటే గట్టిగా ఉంది. మెత్తటి తిండి తిని ఒళ్లు కూడా చేశాడు. అందరూ నీళ్లకి వస్తారు, అతన్ని పలకరిస్తారు. పైడి కూడా వస్తుంది. కానీ అతను బండ మీద ఉన్నంతసేపూ చెట్టు మీదే ఆగిపోతుంది.

అందుకని పైడి రెక్కల చప్పుడు వినబడగానే బైరన్న లేచి పొదల అవతలికి వెళ్లి, ముఖం అటు తిప్పుకుని పడుకుంటాడు. పైడి దిగి, దాహం తీరా నీళ్లు తాగి ఎగిరిపోయే దాకా వెనక్కి తిరగడు.

నీతి: నొప్పి ఉంటే నొప్పి అని చెప్పండి. దాచుకున్న నొప్పి మనకి అందరికంటే దగ్గరగా ఉన్నవాళ్లనే గాయపరుస్తుంది. మన నొప్పి తగ్గినంత తొందరగా వాళ్ల భయం తగ్గదు.