తెంచని సిమ్ము, దించని తల

కంభంలో పరుపులు కుట్టే మౌలాలి ఇంట్లో తెలివికి ఏనాడూ కరువు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అన్నది కాదు, వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నది. ఒకసారి పరుపు తూకం వేస్తుంటే గాలికి దూది ఎగిరిపోతోందని, తూకంరాయిని కూడా దూదిలోనే పెట్టి పరుపు కుట్టేశారు. కొనుక్కుపోయినాయన మర్నాడు నడుం పట్టుకుని వచ్చాడు. మౌలాలి తమ్ముడు ఖాజావలి ఏమన్నాడంటే, "నువ్వు ఎటు పొర్లినా తూకం తగ్గదు. ఇట్టాంటి పరుపు ఇంకెవురిస్తారయ్యా?" అన్నాడు. అంతే, ఆయన నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. చూశారా మన తెలివి అని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

వాళ్ళమ్మ సైదాబీకి మక్కా చూడాలని జన్మంతా కోరిక. ఉమ్రా యాత్రకు అన్నీ సిద్ధం చేసుకున్నాక మోకాళ్ళు మొండికేశాయి. కదిలితే ఒప్పుకోనన్నాడు డాక్టరు. ముసలామె రెండు రోజులు ముసుగు తన్ని పడుకుంది. మూడోనాడు లేచి, కొడుకులిద్దరినీ, మౌలాలి పెళ్ళాం బీబీజాన్‌నీ పిలిచింది.

"మీరు పోండి నాయనా. నాకొకటే కోరిక. మీ కళ్ళు మొదటిసారి కాబా మీద పడ్డప్పుడే నా కళ్ళూ పడాల. ఫోన్లో చూపించండి. ఆ మాత్రం చేస్తే నేనూ పోయొచ్చినట్టే," అంది.

ఇంకేముంది, సెల్లు కొట్టు సుబ్బరాయుడి దగ్గరకు పరుగెత్తారు. ఆయన తాపీగా చెప్పాడు. "అక్కడ లక్షల మంది ఒకేసారి ఫోన్లు చేస్తుంటారు. ఇక్కడి సిమ్ము మీదే రోమింగ్ వేసుకుంటారో, అక్కడికి పోయి అక్కడి సిమ్మే కొంటారో మీ ఇష్టం. జనంలో ఏది పనిచేస్తుందో చూసుకుని మరీ తీసుకోండి."

చూసుకోమన్నాడు కదా, చూసుకోవాలి. శుక్రవారం నమాజు అవగానే మౌలాలి మసీదు మెట్ల మీద నిలబడి, అందరూ ఒక్కసారిగా మా అమ్మకు ఫోన్ చెయ్యండని బతిమాలాడు. పాపం, మంచివాళ్ళు, చేశారు. అన్నదమ్ములూ చేశారు. అన్నిట్లోకీ ఒక్కటే తగిలింది. సైదాబీ ఎత్తింది.

"అమ్మా, నేను కరీముని," అన్నాడు అవతలాయన.

"ఏం కావాల నాయనా?"

"నాకేం వద్దు. మీవోళ్ళు చెయ్యమన్నారు."

"ఎందుకంటా?"

"మీరు ఎత్తుతారో లేదో చూసేదానికి."

"ఎత్తినాగా. ఇంక పెట్టెయ్యనా?"

అలా కరీము గెలిచాడు. అంతే, అన్నదమ్ములు కరీము ఫోనును అరువు అడిగారు. "ఫోను తీసుకోండి, సిమ్ము మాత్రం నాక్కావాల," అని అతను సిమ్ము ఊడదీసుకున్నాడు. "ఆ చిన్నముక్క నువ్వే ఉంచుకోవయ్యా. మాకు గెలిచిన ఫోను చాలు," అన్నాడు ఖాజావలి పెద్దమనసుతో. అమ్మ పాత ఫోన్లో బొమ్మ రాదని, ఓడిపోయిన తమ ఫోనును అమ్మకిచ్చారు. సంగతి విని సుబ్బరాయుడు నెత్తి పట్టుకున్నాడు. "సరే, దిగంగానే ఎయిర్‌పోర్టులో అక్కడి సిమ్ము కొనుక్కోండి," అని దణ్ణం పెట్టి పంపించాడు.

ఇక వీళ్ళను తీసుకువెళ్ళే గ్రూపు పెద్ద ఒకాయన ఉన్నాడు, మార్కాపురం రహమతుల్లా గారు. అందరూ హజ్రత్ అంటారు. ప్రయాణానికి ముందు ఆయన పాఠం చెప్పాడు. "ఇహ్రాం దీక్ష కట్టాక మగవాళ్ళకు కుట్టులేని బట్టలే. వెంట్రుక తెంచకూడదు, గోరు తియ్యకూడదు, అక్కడి చెట్టు ఆకు తెంచకూడదు. ఉమ్రా పూర్తయ్యేదాకా అంతే."

ఖాజావలి లేచాడు. "హజ్రత్, దోశె తుంచొచ్చా?"

"తుంచుకో నాయనా."

"మా వదిన తుంచి ఇస్తే?"

"తిను."

"దోశె మాడిపోయి ఉంటే?"

ఆయన ఓర్పున్న మనిషే. ఎంతటి ఓర్పుకైనా ఒక గట్టు ఉంటుంది కదా. "బాబూ, ఈ క్షణం నుంచి మీ ముగ్గురూ నన్నేమీ అడగొద్దు. నేను చెప్పింది చెయ్యండి, చాలు," అన్నాడు. ఆ మాటే కొంప ముంచింది.

ఇహ్రాం కట్టుకునే జెడ్డాలో దిగారు. ఎయిర్‌పోర్టులో సిమ్ముల కొట్లు రెండుమూడున్నాయి. ఏది కొనాలి? "జనంలో పనిచేసేది కదా కావాల్సింది. జనం యాడుంటే అదే," అన్నాడు మౌలాలి. అందరికన్నా పొడుగు వరస చూసి నిలబడ్డారు. ఓపిగ్గా జరిగి జరిగి ముందుకు వెళ్తే అది మరుగుదొడ్డి. వచ్చినందుకు ఆ పనీ కానిచ్చుకుని, దాని తర్వాత పొడుగు వరసలో నిలబడ్డారు. ఈసారి నిజంగానే సిమ్ముల కొట్టు. కొట్లో కుర్రాడు కార్డు తీసి, అందులోంచి సిమ్ము విరిచి ఫోన్లో వెయ్యబోయాడు. ఖాజావలి ఒక్క దూకులో అతని చెయ్యి పట్టుకున్నాడు.

"తెంచబాకయ్యా. మేము ఇహ్రాంలో ఉండాం."

"నేను లేనుగా," అన్నాడు కుర్రాడు ఉర్దూలో, బిత్తరపోయి.

"ఫోను మాది. పాపం మాకు తగలదా?" అన్నాడు మౌలాలి.

అంతే, కార్డును కార్డులాగే తీసుకున్నారు. తెంచొచ్చో లేదో హజ్రత్‌ను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగొద్దన్నాడు కదా మరి. ఆయనేమో అవతల ముప్ఫై పెట్టెలు వెతుక్కునే గొడవలో ఉన్నాడు.

మక్కా హోటల్లో దిగాక బీబీజాన్ ఉపాయం చెప్పింది. "సిమ్ము లోపలుంటే ఏంది, బయటుంటే ఏంది? ఫోనుకు తగిలితే చాలదా?" మరిదికి ఈ మాట భలే నచ్చింది. కార్డును ఫోను వీపుకు దారంతో కట్టారు. సిగ్నల్ రాలేదు. గట్టిగా కట్టారు. రాలేదు. సిగ్నల్ లేకపోతే ఎత్తుకు పోవాలని సుబ్బరాయుడు ఎప్పుడో అన్నట్టు మౌలాలికి గుర్తుకొచ్చింది. లిఫ్టెక్కి పైఅంతస్తుకు పోయారు. అక్కడా లేదు. ఇంకేముంది, అన్న భుజాల మీదికి తమ్ముడెక్కి, ఫోను పైకెత్తి నిలబడ్డాడు. ఒంటిమీదున్న తెల్ల గుడ్డలు జారిపోకుండా బీబీజాన్ కింద నుంచి పట్టుకుంది.

బీబీజాన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అత్తయ్య పొద్దున్నించీ ఫోను ముందరే కూచోనుంటది. అన్నం కూడా తినుండదు," అంది.

గ్రూపంతా కింద ఎదురుచూస్తుంటే వీళ్ళను వెతుక్కుంటూ హజ్రత్ పైకొచ్చాడు. భుజాల మీద భుజాలు, వాటి మీద ఫోను, దాని వీపున కార్డు. చూశాడు. సంగతి విన్నాడు. "సిమ్ము వెంట్రుకా? గోరా? నాయనా, నన్ను ఒక్క మాట అడగొచ్చుగా," అన్నాడు.

"అడగొద్దన్నారు," అన్నారు ముగ్గురూ.

ఆయన ఖాజావలిని కిందికి దింపాడు. తర్వాత తన చేత్తోనే సిమ్ము విరిచి ఫోన్లో వేశాడు. సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి. "ఇప్పుడు వినండి. కాబా ఉన్న హరమ్‌లోకి వెళ్ళాక తలలు దించుకుని నడవండి. నేను ఎత్తమన్నప్పుడే ఎత్తాలి. మొదటిచూపులో అడిగిన దువా వృథా పోదంటారు పెద్దలు. ఏం అడగాలో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి," అన్నాడు.

అమ్మకు వీడియో కాల్ కలిపారు. చక్కెర డబ్బాకు ఆనించిన ఫోను ముందు పీటేసుకుని, కొత్త తెల్లచీర కట్టుకుని కూచుంది సైదాబీ. "అమ్మా, తల దించుకోవాలంట. హజ్రత్ చెప్పినాకే ఎత్తాలంట," అన్నాడు మౌలాలి. కంభంలో ఆమె తల దించింది. మక్కాలో వీళ్ళూ దించారు. ముందువాళ్ళ మడమలు చూసుకుంటూ నడిచారు. జనంలో ఆ మడమలు ఎప్పుడు మారిపోయాయో తెలియదు. హజ్రత్ అందరినీ ఒకచోట నిలబెట్టి తలలెత్తమన్నాడు, దువాలూ అయిపోయాయి, లెక్క చూస్తే ముగ్గురు తక్కువ. వెతికితే ఎక్కడున్నారు? సరిగ్గా కాబా ఎదురుగానే ఉన్నారు. కళ్ళెత్తితే చాలు. గడ్డాలు రొమ్ముకు ఆనించుకుని పాలరాయి చూస్తూ నిలబడ్డారు.

"ఎత్తండి నాయనా," అన్నాడు ఆయన.

ఎత్తారు. ఎత్తి అలాగే ఉండిపోయారు. తెలివితక్కువవాళ్ళయితే మాత్రం, గుండె గుండే కదా. అప్పుడే మౌలాలి ఫోను చూశాడు. అమ్మ బొమ్మ ఆగిపోయి, దాని మీద చక్రం తిరుగుతోంది. జనం దెబ్బకు సిగ్నల్ పోయింది. జన్మకొక్కసారి వచ్చే మొదటిచూపు. అందరూ ఇల్లడుగుతారు, పిల్లల్ని అడుగుతారు, ఆరోగ్యం అడుగుతారు. వీళ్ళు ముగ్గురూ చేతులెత్తి ఒక్కటే అడిగారు. "యా అల్లా, సిగ్నల్ ఇప్పించు."

గీత ఒకటి వచ్చింది. ఇంకోటి వచ్చింది. చక్రం పోయి అమ్మ కదిలింది.

"అమ్మ మొహం మనవైపు ఉందిరా. కాబా అటుంది. అమ్మకెట్టా కనబడతది?" అన్నాడు మౌలాలి. అంతే, ఫోనును గిర్రున తిప్పి, అద్దంలో ఉన్న అమ్మ మొహాన్ని కాబావైపు పెట్టాడు. అట్టా కాదు, కెమెరా మార్చాలి అని చెప్పబోయి హజ్రత్ ఆగిపోయాడు. కాల్లో మన మొహాన్ని చూపించే కెమెరా అద్దం వైపే ఉంటుంది కదా. అదిప్పుడు నేరుగా కాబానే చూస్తోంది. వీళ్ళ జన్మలో సరిగ్గా కుదిరిన పని అదొక్కటే. అదీ తెలియక.

"అమ్మా, కనబడతా ఉందా?"

మౌలాలి ఫోనును ఇంకాస్త ముందుకు చాపాడు.

"అమ్మా, కాబా కనబడలేదా?"

"పీట కనబడతా ఉందిరా," అంది సైదాబీ. ఆమె ఇంకా తల దించుకునే ఉంది మరి. ఎత్తమని హజ్రత్ ఆమెకు చెప్పలేదుగా.

సిగ్నల్ మళ్ళీ ఒక్క గీతకు వచ్చింది. హజ్రత్ ఫోను దగ్గరకు వంగి, "అమ్మా, తల ఎత్తండమ్మా, తొందరగా," అని కేకపెట్టాడు.

ఎత్తింది. చూసింది. ఏడుపు వినబడింది. మోకాళ్ళ గురించి అడగాలని ఎన్నాళ్ళుగానో అనుకుని పెట్టుకుంది. ఆ ఘడియలో నోట్లోంచి వచ్చింది వేరే. "యా అల్లా, నా బిడ్డల సిగ్నల్ పోకుండా చూడు," అంది. తృప్తిగా చూసేదాకా పోలేదు. ఆ తర్వాతే తెగింది.

ఉమ్రా ముగించుకుని కంభం వచ్చారు. జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు పట్టుకుని గడప దాటితే, సైదాబీ మెడ పైకెత్తి దూలాలు చూస్తూ కూచుని ఉంది. అన్నమూ అట్టాగే తింటోందట, నిద్రా అట్టాగేనట.

"ఏందమ్మా ఇది?" అని బెంబేలుపడ్డాడు మౌలాలి.

"ఎత్తమన్నాడుగా హజ్రత్. దించమని చెప్పలేదే," అంది ఆమె. తర్వాత మెల్లగా, "దించితే చూసింది పోతదేమోనని కూడా ఉందిరా," అంది.

హజ్రత్‌కు ఫోన్ చేసి దించొచ్చా అని అడిగితే సరిపోయేది. అమ్మో, ఆయన్ను అడగకూడదు కదా. ముగ్గురూ కూచుని గట్టిగా ఆలోచించారు. అమ్మ మెడ నొప్పి పుట్టకూడదు, తలా దిగకూడదు. అందుకని మంచి దూది ఏకి, మెడ కింద పెట్టుకునేందుకు ఎత్తుగా ఒక దిండు కుట్టిచ్చారు.

దిండు పక్కకు జారకుండా లోపల తూకంరాయి కూడా పెట్టారు.