తప్పు మాటకు బెల్లం

గాజుల సూరమ్మ కోటకు వెళ్ళేసరికి అక్కడ ఎవరికీ విడని చిక్కు ఒకటుంది. మంచుకొండల దేశం నుంచి కోడలిగా వచ్చిన రాణిగారికి సోమయాజులుగారు ఏడాదిగా తెలుగు చెబుతున్నారు. తప్పు లేకుండా పలకడం వచ్చేదాకా నోరు విప్పకూడదని ఆయన నియమం. రాణిగారు నోరు విప్పనే లేదు.

ఆవిడ ఆకుపచ్చ గాజులు వేలితో చూపిస్తే, సూరమ్మ కావాలనే ఎర్రవి, అందులోనూ బిగుతువి తీసి ఎక్కించబోయింది.

"వద్దు! నొప్పి వచ్చాడు! ఆకుపచ్చ ఇయ్యి!" అని అరిచారు రాణిగారు.

సూరమ్మ మురిసిపోయింది. ఇక రోజూ వచ్చి అలాగే సతాయించేది. రాణిగారు రోజూ మాట్లాడేవారు, అన్నీ తప్పులే.

సోమయాజులుగారు మండిపడుతూ సూరమ్మను రాజుగారి సభకు వెంటబెట్టుకెళ్ళారు. "ప్రభూ, ఈ సూరమ్మ భాషను భ్రష్టు పట్టిస్తోంది. దీన్ని కోటలో అడుగు పెట్టనీయకండి!"

కోట గుమ్మం మూసుకుపోతే తన గంపలో గాజులు కొనేదెవరు?  అయినా సూరమ్మ నెమ్మదిగా అడిగింది.

"అయ్యవారూ, మొన్న మీ వీధంతా బెల్లం పంచారు. ఎందుకండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. "మా మనవరాలు మొదటిసారి నన్ను పిలిచిందే!"

"ఏమని పిలిచిందండీ?"

"తత్తా అని!"

"తప్పు కదండీ! సరిగ్గా వచ్చేదాకా నోరు విప్పొద్దని పాపకి చెప్పలేదేం?"

రాజుగారితో సహా సభంతా గొల్లున నవ్వింది.

మర్నాడు పాఠానికొచ్చిన సోమయాజులుగారి చేతిలో ఎప్పుడూ తెచ్చే వ్యాకరణం తాటాకుల కట్ట లేదు. బెల్లం ముక్క ఉంది.